పావుమైలు వీరుడు సంసారానికి పనికొస్తాడా?

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దవాళ్లు ఏనాడో తేల్చేశారు. అమెరికావాళ్లకి ఈ సామెత తెలిసినట్టు లేదు. తెలిసి ఉంటే, కేవలం పావుమైలు పరుగెత్తడానికి ఓ కారు, దానికో రాక్షసి ఇంజను, ఆ ఇంజనుకి విడిగా ఓ తైలం, చివర్లో బండిని ఆపడానికి విమానాల వాళ్లు వాడే పారాచూట్, ఇంత సరంజామా సిద్ధం చేసుకునేవారు కారు.

ఈ పందేన్ని డ్రాగ్ రేసు అంటారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగ్గానే బయల్దేరతాయి. మలుపులు లేవు, మిట్టపల్లాలు లేవు. తిన్నగా 1,320 అడుగులు, అంటే మన లెక్కలో 402 మీటర్లు. ముందు చేరినవాడు గెలిచినట్టు. మామూలు సంసారపక్షం కారు ఈ దూరం పోవడానికి పదిహేను, పదహారు సెకన్లు తీసుకుంటుంది. పది సెకన్లలో పోతే అది సామాన్యమైన కారు కాదు. ఆరు సెకన్లలో పోతే దాన్ని కారు అనాలో, తారాజువ్వ అనాలో తెలీదు.

అలాంటి తారాజువ్వని ఇంటి ముందు కట్టేసుకుని, పొద్దున ఆఫీసుకీ సాయంత్రం కూరల బజారుకీ వాడుకోవచ్చునా అన్నది ప్రశ్న. వినడానికి పనిలేనివాళ్ల ప్రశ్నలా ఉంది కానీ, దీని వెనక డెబ్బై అయిదేళ్లకి పైబడిన చరిత్ర ఉంది. అందులో కుర్రాళ్ల ప్రాణాలున్నాయి, ఓ ఆడమనిషి పట్టుదల ఉంది, కార్ల కంపెనీల గడుసుతనమూ ఉంది.

ముందు మన కొలబద్ద ఏమిటో అనుకుందాం. ఇల్లు నడిపే మనిషి కారుని అడిగేవి పెద్ద కోరికలేం కాదు. తాళం తిప్పగానే కదలాలి. సిగ్నలు దగ్గర పది నిమిషాలు నిలబెడితే కాగిపోకూడదు. వానలో జారకూడదు. సందు మొదట్లో తిరగాలి. దారిలో దొరికే పెట్రోలుతో సరిపెట్టుకోవాలి. నలుగురు కూర్చోవాలి, సంచీ పెట్టుకోవాలి. అన్నిటినీ మించి, వెళ్లిన మనిషిని తిరిగి ఇంటికి చేర్చాలి.

చిత్రమేమిటంటే, మొదట్లో పందెం కారూ ఇంటి కారూ ఒకటే. 1932లో హెన్రీ ఫోర్డ్ ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజనుని చవక కార్లో పెట్టి అమ్మాడు. అంతకుముందు అంత బలమైన ఇంజను డబ్బున్నవాళ్ల కార్లకే ఉండేది. ఆ తరవాత పాత కార్ల దుకాణాల్లో అలాంటివి కుర్రాళ్ల జేబుకి అందే ధరలోకి వచ్చేశాయి. లాస్ ఏంజిలిస్‌కి ఉత్తరాన ఎడారిలో మ్యూరాక్ అని ఎండిపోయిన సరస్సు ఒకటుంది. నేల బల్లపరుపుగా, చెట్టూ చేమా లేకుండా మైళ్ల తరబడి ఉంటుంది. సెలవు దొరికితే కుర్రాళ్లు అక్కడికి బయల్దేరేవారు. చేరాక చక్రాల మీది రేకులూ, దీపాలూ, ముందు అద్దమూ ఊడదీసి పక్కన పెట్టి, బండిని తేలిక చేసుకుని పరుగెత్తించేవారు. సాయంత్రం ఊడదీసినవన్నీ మళ్లీ బిగించుకుని అదే కార్లో ఇంటికి వచ్చేవారు. మర్నాడు అదే కార్లో పనిలోకి. 1937లో వాళ్ల క్లబ్బులన్నీ కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని ఒకటి పెట్టుకున్నాయి.

యుద్ధం వచ్చింది. మ్యూరాక్‌ని సైన్యం తీసేసుకుంది. ఇవాళ అది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. యుద్ధం అయ్యాక కుర్రాళ్లు చేతిలో కాసిని డబ్బులతో, సైన్యంలో నేర్చుకున్న మరమ్మతు విద్యతో తిరిగొచ్చారు. ఎడారి దూరం, వీధి దగ్గర. రెండు కార్లు ఎర్రదీపం దగ్గర పక్కపక్కన ఆగితే చాలు, ఒకళ్లనొకళ్లు చూసుకోవడం, పచ్చదీపం పడగానే పై దీపం దాకా పందెం. హాట్ రాడ్ అనే మాట అప్పుడే అందరి నోళ్లలో పడింది. పందేలలో చచ్చిపోయినవాళ్లున్నారు. పందెంతో ఏ సంబంధమూ లేకుండా రోడ్డు దాటుతూ పోయినవాళ్లూ ఉన్నారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పోలీసులు వెంటపడ్డారు. ఆ కుర్రాళ్ల తల్లులు రాత్రిళ్లు వీధి గుమ్మం వైపు ఎలా చూస్తూ కూర్చునేవారో చరిత్రకారులు రాయలేదు కానీ, అది మనం ఊహించుకోగలం.

ఈ పిచ్చిని దారిలో పెట్టినవాళ్లలో వాలీ పార్క్స్ అనే ఆయన ముఖ్యుడు. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ మొదలుపెట్టిన హాట్ రాడ్ అనే పత్రికకి ఆయన సంపాదకుడు. పందేన్ని మానిపించడం ఎలాగూ అయ్యే పని కాదు, వీధిలోంచి తప్పించి ఓ చోటు చూపిస్తే సరి అన్నది ఆయన వాదం. 1949లో శాంటా బార్బరా దగ్గర గోలిటాలో ఓ రోడ్డు ముక్క మీద పద్ధతిగా పందెం వేశారు. 1950లో శాంటా ఆనా అనే ఊళ్లో విమానాల మైదానం పక్కన సి.జె. హార్ట్ అనే ఆయన కొందరితో కలిసి టిక్కెట్టు పెట్టి డ్రాగ్ రేసులు మొదలుపెట్టాడు. ఆయన భార్య పెగ్గీ కూడా స్వయంగా కారెక్కి పందెంలో దిగేది. 1951లో పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. మొదటినుంచీ దాని నినాదం భద్రతే. ఇక్కడ మెచ్చుకోవలసింది పోమోనా ఊరి పోలీసుల్ని. కుర్రాళ్లని పట్టుకుని జరిమానాలు వెయ్యడంతో సరిపెట్టకుండా, దగ్గరుండి వాళ్లకో మైదానం ఇప్పించారు. 1953లో ఆ సంఘం మొదటి అధికార పందెం అక్కడే జరిగింది. మరుసటేడు ఆ సంఘంవాళ్లు నలుగురు సామాను వేసుకుని, ఊరూరా తిరిగి, పందెం ప్రమాదం లేకుండా ఎలా జరుపుకోవాలో నేర్పి వచ్చారు.

అలా వీధికి కొంత శాంతి దొరికింది. కానీ అక్కడే కార్ల కులం రెండుగా చీలిపోయింది. వీధిలో పందెమైతే కారు మామూలు కారులా ఉండాలి, మర్నాడు పనికి రావాలి. విడిగా మైదానం వచ్చాక ఆ బంధం తెగింది. పావుమైలుకి తప్ప ఇంకెందుకూ పనికిరాకపోయినా ఫరవాలేదు అన్నాక, మనుషులు ఎంత దూరమైనా పోతారు.

సూక్ష్మంగా చెప్పాలంటే, పావుమైలు కోరేదీ వీధి కోరేదీ ఎదురెదురు. చల్లదనం సంగతి చూడండి. ఇంజను చుట్టూ నీళ్లు తిరగడానికి లోపల దారులుంటాయి. పందెం ఇంజను బద్దలు కాకుండా గట్టిగా ఉండాలని కొందరు ఆ దారుల్ని సిమెంటులాంటి పదార్థంతో పూడ్చేస్తారు. పది సెకన్ల పనికి నీళ్లెందుకు? బజార్లో సిగ్నలు దగ్గర ఆగితే మాత్రం నీళ్లు లేని కుక్కరే.

టైర్ల సంగతీ అంతే. పందెం టైరుకి గాళ్లుండవు, నున్నగా ఉంటుంది. బయల్దేరేముందు బండిని నిలబెట్టి చక్రాలు గిరగిరా తిప్పి పొగలు వచ్చేలా వేడిచేస్తారు. రబ్బరు మెత్తబడి బంకలా నేలని పట్టుకుంటుంది. వాన చినుకు పడిందా, నీళ్లు తప్పుకునే గాళ్లు లేక అదే టైరు సబ్బుబిళ్ల.

ఇహ మలుపు. కళ్లంలో బంతి తిప్పేటప్పుడు లోపలి ఎద్దు అడుగులో అడుగు వేస్తుంటే, బయటి ఎద్దు పెద్ద అంగలు వేస్తుంది కదా! మూల తిరిగేటప్పుడు కారు వెనక చక్రాలకీ అదే అవస్థ. ఆ తేడా సర్దడానికి మామూలు కార్లలో ఓ పళ్లచక్రాల ఏర్పాటుంది. పందెం కార్లలో దాన్ని తీసేసి రెండు చక్రాల్నీ ఒకే కడ్డీకి బిగించేస్తారు, బలం రెంటికీ సమానంగా పోవాలని. తిన్నగా పోయినంతసేపూ బాగానే ఉంటుంది. సందు తిరిగితే టైర్లు కీచుమంటూ నేలని రాసుకుపోతాయి.

ఇవికాక ఇంజను తత్వం. పైస్థాయి వేగంలో ఊపిరి బాగా ఆడేలా కవాటాల్ని అమర్చిన ఇంజను, నెమ్మది నడకలో ఉబ్బసం మనిషిలా ఎగశ్వాస పెడుతుంది. పిండిమర పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు గానీ దాని పక్కన కూర్చుని కాదు. తాగేది బంకులో పోసే పెట్రోలూ కాదు. అన్నిటికంటే పైతరగతి కార్లయితే నైట్రోమీథేన్ అనే రసాయనం తాగుతాయి. వాటి బలం పదకొండు వేల గుర్రాలకి తక్కువ కాదని లెక్క. ఒక్క పరుగు అయ్యాక ఇంజను మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బండలాగుడు పందేలకి పెంచే ఎడ్లని ఏ రైతూ నాగలికి కట్టడు. ఇదీ ఆ వైభోగమే.

ఆ వైభోగానికి వెల మనుషులు చెల్లించారు. డాన్ గార్లిట్స్ పేరుమోసిన పందెగాడు. 1970లో ఓ పందెంలో కాళ్ల దగ్గరున్న యంత్రభాగం పేలి ఆయన కుడిపాదంలో సగం తెగిపోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆలోచించి, మనిషి ముందూ ఇంజను వెనకా ఉండే కారు తయారుచేశాడు. ఇవాళ పైతరగతి కార్లన్నీ ఆ నమూనావే.

ఆ పందేల్లో మన వర్గానికి చెందిన మనిషి షిర్లీ మల్డౌనీ. న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అనే ఊళ్లో పదహారూ పదిహేడేళ్ల వయసులో వీధి పందేలతో మొదలుపెట్టింది. భర్త మెకానిక్కు, కార్లు ఆయన కట్టేవాడు, ఆవిడ నడిపేది. ఆడదానికి అంత వేగమైన కారా అని పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. 1973లో నైట్రోమీథేన్ కార్ల పైతరగతికి లైసెన్సు సంపాదించిన మొదటి స్త్రీ ఆవిడ. 1977, 1980, 1982 సంవత్సరాల్లో జాతీయ విజేత. ఆ తరగతిలో మగవాళ్లెవరూ అప్పటికి మూడుసార్లు గెలవలేదు. కారుకి గులాబీ రంగు వేయించుకుని మరీ గెలిచింది! 1984లో కెనడాలో ముందు చక్రం ట్యూబు తేడా చేసి, కారు ముక్కలై, రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. శస్త్రచికిత్సల మీద శస్త్రచికిత్సలు. 1986లో మళ్లీ వచ్చి కారెక్కింది. వీధిలో మొదలైన ఆవిడ ఎక్కిన చివరి కార్లని వీధి గుమ్మం దాకా లారీ మీద తీసుకురావలసిందే.

ఈలోగా కార్ల కంపెనీలు ఊరుకోలేదు. ఆదివారం పందెం గెలిస్తే సోమవారం కార్లు అమ్ముడుపోతాయని వాళ్ల లెక్క. 1964లో ఫోర్డ్ కంపెనీ థండర్‌బోల్ట్ అని వంద కార్లు కట్టింది. నంబరు ప్లేటు పెట్టుకోవచ్చు, రోడ్డెక్కొచ్చు. కానీ బరువు తగ్గించడానికి రేడియో లేదు, హీటరు లేదు, ఎండ తగలకుండా దించుకునే అట్ట లేదు, పక్కవాళ్ల వైపు అద్దం తుడిచే వైపరూ లేదు. 1968లో క్రిస్లర్ వాళ్లు కట్టించిన హెమీ డార్ట్ కార్లు ఇంకో మెట్టు పైన. వెనక సీటే లేదు. తలుపు అద్దం ఎత్తడానికి పిడి లేదు, ఓ పట్టీ పట్టుకుని పైకి లాక్కోవాలి. పైగా ఇది అజమాయిషీలో జరిగే వేగపరీక్షలకే గానీ మామూలు రోడ్డుకి కాదని ఓ చీటీ అతికించి అమ్మారు. కొనేవాడికి నంబరు ప్లేటు ఆశ చూపించి, అమ్మేటప్పుడు చేతులు కడుక్కోవడమన్నమాట. 1970ల్లో పొగమీద చట్టాలూ, బీమా ఖర్చులూ, 1973 నాటి పెట్రోలు కరువూ కలిసి ఆ తరహా కార్లకి తెర దించాయి.

తరవాత ఇరవయ్యేళ్లకి వీధిలో తిరిగే కార్లలో ఏది వేగమైనదో తేల్చే పోటీలు పుట్టాయి. అందులోనూ వేషాలు తప్పలేదు. నంబరు ప్లేటు ఉంటుంది, దీపాలుంటాయి, కారు మాత్రం లారీ మీద వచ్చి లారీ మీద పోతుంది. పట్టుచీర కట్టుకుని వంటింట్లో ఫొటో తీయించుకున్నట్టు! పేరు వీధి కారు, వీధి మొహం చూసింది లేదు.

ఈ గొడవ తేల్చడానికి 2005లో హాట్ రాడ్ పత్రికవాళ్లే ఓ పరీక్ష పెట్టారు. దాని పేరు డ్రాగ్ వీక్. అయిదు రోజులు, అయిదు పందెం. రోజుకో పందెం, ఒక ఊరి నించి ఇంకో ఊరికి ఆ కారునే మామూలు రోడ్డు మీద నడుపుకుంటూ పోవాలి. మొత్తం సుమారు వెయ్యి మైళ్లు, అంటే పదహారు వందల కిలోమీటర్లు. వెనక లారీ రాకూడదు, మెకానిక్కుల దండు రాకూడదు. పనిముట్లూ, పందెం టైర్లూ, బట్టలూ అన్నీ ఆ కార్లోనో, దాని వెనక తగిలించుకున్న చిన్న తోపుడుబండి లాంటి దాంట్లోనో సర్దుకోవాలి. నిర్ణయించిన చోట్ల ఆగి, వచ్చినట్టు సాక్ష్యంగా కారుని ఫొటో తీసి చూపించాలి. అయిదో రోజు పందెం కూడా పూర్తయితేనే లెక్క. మన కొలబద్దలో చివరి షరతు, ఇంటికి చేర్చడం, ఇన్నాళ్లకి పందెం నిబంధన అయింది. మొగుడూ పెళ్లామూ జంటగా వచ్చి, ఆయన నడుపుతుంటే ఆవిడ దారి చూపిస్తూ పోయేవాళ్లూ ఇందులో ఉన్నారు.

2014లో ఈ పరీక్షలో లారీ లార్సన్ అనే ఆయన షెవ్రొలే ఎస్-10 ఆకారంలో కట్టుకున్న చిన్న ట్రక్కులో పావుమైలు 5.95 సెకన్లలో పరుగెత్తాడు. చివర్లో వేగం గంటకి 244 మైళ్లు, అంటే 390 కిలోమీటర్ల పైచిలుకు. అదే బండి అదే వారంలో సామాన్లు మోసుకుని పెద్దరోడ్డు మీద లారీల మధ్య నడిచింది. ఒకనాటి విద్వాంసులు కుదరదని తేల్చిన పనే ఇది.

ఎలా కుదిరింది? ముఖ్యకారణం టర్బో అనే పంకా. ఇంజను నించి వచ్చే పొగతోనే తిరుగుతూ, అది ఇంజనులోకి గాలిని అదిమి నింపుతుంది. దారిలో నెమ్మదిగా పోయేటప్పుడు పంకా జోరు తగ్గించేస్తే ఇంజను సాధువులా ఉంటుంది. పందెంలో పూర్తిగా విప్పితే వేల గుర్రాల బలం లేస్తుంది. ఒకే పొయ్యి మీద సన్నసెగా పెద్దమంటా పెట్టుకున్నట్టు. దానికితోడు దూరప్రయాణంలో ఇంజను తక్కువ తిరిగేలా అదనపు గేరు, చెప్పిన మోతాదులో తైలం పోసే కంప్యూటరు. రోడ్డుకి ఒక తైలం, పందేనికి ఒకటి. రోడ్డుకి గాళ్ల టైర్లు, పందేనికి మెత్తవి.

అయితే కుదరడం వేరు, సుఖపడటం వేరు. లోపల ప్రాణరక్షణకి ఇనుపగొట్టాల పంజరం. చంటిపిల్లని ఎత్తుకుని అందులోకి ఎక్కాలంటే సర్కసు నేర్చుకోవాలి. చెవుల్లో దూది, ఒళ్లంతా చెమట. రాత్రి బసకి చేరాక అందరూ భోజనానికి పోతే, ఆ కారువాడు బోనెట్టు ఎత్తి దీపం పట్టుకుని నిలబడతాడు. అలాంటి మనిషి దగ్గరే అది వీధి కారు. మిగతావాళ్ల దగ్గర అది రెండో మైలురాయి దగ్గర ఆగిపోయే ఇనుము.

మిగతావాళ్ల మాటేమిటని కంపెనీలు మళ్లీ బయల్దేరాయి. డాడ్జ్ వాళ్లు 2018 మోడలుగా డీమన్ అనే కారు తెచ్చారు. పావుమైలు 9.65 సెకన్లు, కంపెనీ హామీతో. దానికి డ్రైవరు సీటు ఒక్కటే ఇచ్చేవారు. పక్కసీటు కావాలంటే ఒక డాలరు, వెనక సీటు కావాలంటే ఇంకో డాలరు! ఇల్లాలి చోటు ఖరీదు డాలరని నవ్వుకోవచ్చు గానీ, అడిగితే ఇచ్చారు, అది మేలే. పందేల సంఘం మాత్రం ఇనుప పంజరం లేనిదే ఆ వేగానికి మా మైదానంలో ఒప్పుకోం అంది. పందెం మైదానంలో వద్దన్న కారుకి బజార్లో అడ్డు లేదు! 2023లో వచ్చిన దాని తమ్ముడు 8.91 సెకన్లవాడు.

ఇంతలో చప్పుడు చెయ్యకుండా ఇంకొకటొచ్చింది. 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ బ్యాటరీతో నడిచే కారు. నాలుగు తలుపులు, అయిదుగురికి చోటు, ఏసీ, వెనక సామానుకి జాగా. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం పావుమైలు 9.23 సెకన్లు. పొగ లేదు, పొలికేక లేదు, రాత్రిపూట బోనెట్టు ఎత్తే పనీ లేదు. బ్యాటరీని కాస్త వేడిచేసుకోవాలి, టైర్లు త్వరగా అరుగుతాయి, అంతే. మన కొలబద్దలో దాదాపు అన్నీ నెగ్గింది.

అంచేత ప్రశ్నకి జవాబు వచ్చేసినట్టే. పావుమైలు వీరుడు సంసారానికి పనికొస్తాడు. తొమ్మిది సెకన్లవాడైతే హాయిగా, ఆరు సెకన్లవాడైతే ఓపికున్న ఇంట్లో మాత్రమే.

కానీ ఈ జవాబుతో నిశ్చింతగా నిద్రపోలేం. వెనకటి కుర్రాడు అంత వేగం సంపాదించాలంటే ఏళ్ల తరబడి గ్రీజులో మునగాలి. ఆ ఏళ్లలో చేతికి పనీ, బుద్ధికి భయమూ రెండూ అలవడేవి. షిర్లీకి లైసెన్సు ఇచ్చేముందు అనుభవజ్ఞులు చూసి సంతకాలు పెట్టారు. ఇవాళ వాయిదాల మీద కొనుక్కున్నవాడికి అదే వేగం మొదటిరోజే కాలి కింద ఉంటుంది. వీధి మాత్రం 1949 నాటి వీధే. బడి వదిలే వేళ ఉంది, రోడ్డు దాటే ముసలమ్మ ఉంది, పాలసైకిలు ఉంది. హాయిగా ఇంటికి చేర్చే కారు తయారైంది కనక, ఇహ పోమోనా పోలీసులు చేసినట్టు, ఆ వేగం ఖర్చుపెట్టుకోవడానికి వీధికి దూరంగా ఓ చోటు చూపించడం మిగిలింది. ఇంట్లో కుర్రాడు అలాంటి కారు మీద మనసుపడి ఖరీదు చెప్పినప్పుడు, ఆ చోటు ఎక్కడుందిరా నాయనా అని అడగండి. మైలేజీ సంగతి తరవాత అడగొచ్చు.